చెవుల పరీక్ష

మంగళవారం మూడో పీరియడ్‌లో షాహిదా లేచి నిలబడింది. గోడకు బిగించిన ప్యానెల్ మీద వీడియో నడుస్తోంది. గాజు గ్లాసులో నీళ్లు, నీళ్ల అడుగున కోడిగుడ్డు. ఢిల్లీ వైపు ఆడగొంతు ఒకటి ఇంగ్లీషులో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది.

"సార్, కింద అక్షరాలు రాలేదు సార్."

దివాకర్ వీడియో ఆపలేదు. "రావు. నేనే తీసేసినా."

"ఎందుకు సార్?"

ఆ తొమ్మిదో తరగతిలో ఎందుకని అడిగేది ఆ పిల్ల ఒక్కతే. మామూలు రోజైతే దివాకర్ దానికి సంతోషపడేవాడు.

"అవి చెవిటోళ్లకు. నీకేమన్నా చెవుడా?"

క్లాసు నవ్వింది. వెనక బెంచీలో ఓబిలేష్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఆఁ? ఏమంటిరి సార్?" అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. దివాకర్ కూడా నవ్వాడు. షాహిదా కూర్చుంది. ఆ తర్వాత పీరియడ్ అయ్యేదాకా ప్యానెల్ వైపు చూడలేదు, పుస్తకం వైపూ చూడలేదు. బెంచీ మీద ఎవరో కాంపాసుతో గీకిన గీతను గోటితో రుద్దుతూ కూర్చుంది.

నిజానికి ఆ మాట దివాకర్ సొంతం కాదు. సోమవారం పై ఆఫీసు నుంచి విష్ణువర్ధన్ అనే పరిశీలకుడు వచ్చాడు. వెనక బెంచీలో హెడ్మాస్టరు పక్కన కూర్చుని ఇదే క్లాసు చూశాడు. వీడియో సగంలో ఉండగా అడిగాడు.

"దివాకర్ గారూ, ఈ క్లాసులో చెవిటి పిల్లలు ఉన్నారా?"

"లేరు సార్."

"మరి ఆ అక్షరాలు ఎవరికి? చెవులున్న పిల్లలు చెవులతో వినాలి. చదువుకుంటూ కూర్చుంటే వీళ్లకు ఇంగ్లీషు వినడం ఎప్పుడు వస్తుంది?"

హెడ్మాస్టరు నవ్వాడు. పిల్లలకు నవ్వాలో వద్దో తెలియలేదు. దివాకర్ చెవులు వేడెక్కాయి. పోయేముందు విష్ణువర్ధన్ అతని భుజం మీద చెయ్యి వేసి, "పాఠం బాగా చెప్తారయ్యా మీరు. శనివారం మండలం సైన్సు టీచర్లందరినీ మీ క్లాసుకే తీసుకొస్తా. ఆ అక్షరాలు మాత్రం తీసేయండి. చూసేవాళ్లకు బాగుండదు" అన్నాడు.

పదహారేళ్ల సర్వీసులో దివాకర్ క్లాసును చూడడానికి పనిగట్టుకుని ఎవరూ రాలేదు. సోమవారం సాయంత్రమే ప్యానెల్ సెట్టింగుల్లోకి పోయి అక్షరాలు తీసేశాడు. మంగళవారం ఉదయం, తనమీద పడిన మాటను తీసుకుపోయి ఆ పిల్ల మీద వేశాడు.

ఆ పీరియడ్ చివర ప్రశ్నలు అడిగాడు. వస్తువు ఎందుకు తేలుతుంది, ఎంత నీరు పక్కకు జరుగుతుంది, ఆ నీటి బరువుకూ పైకి తోసే బలానికీ సంబంధమేమిటి. పోయిన వారం పీడనం పాఠానికి చేతులు పోటీపడి లేచాయి. ఈసారి ఒక్క చెయ్యి లేవలేదు. ఓబిలేష్ మాత్రం, "గుడ్డు కుళ్లిపోయింటే తేల్తాది సార్, మా అమ్మ చెప్పింది" అన్నాడు.

"ధ్యాస యాడుండాదిరా మీకు" అని దివాకర్ కసిరాడు. గంట కొట్టారు.

*

బుధవారం షాహిదా రాలేదు. గురువారం కూడా రాలేదు. దివాకర్ హాజరు వేస్తూ పేరు పిలిచినప్పుడు వెనకనుంచి ఎవరో, "పిలిస్తే దానికి వినపడదు సార్" అన్నారు. అతను తల ఎత్తి చూశాడు. ఎవరన్నారో తెలియలేదు. పేరు పక్కన గైర్హాజరు వేసి తర్వాతి పేరు పిలిచాడు.

గురువారం ఉదయం ఇంట్లో, శనివారం చూపించాల్సిన వీడియో ఫోనులో పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో కాఫీ గ్లాసు. ఆ గొంతు ఒక వాక్యం పూర్తి చేసేలోగా అతని కళ్లు తెర అడుగుకు పోతున్నాయి. ఫోనులో అక్షరాలు వస్తున్నాయి. ఏనాడూ వాటిని తీయలేదు. కనేకల్‌లో తెలుగు మీడియంలో చదివి, అనంతపురంలో తెలుగు మీడియంలోనే డిగ్రీ చేసినవాడు. ఏ వీడియో అయినా ఇంట్లో అక్షరాలతో చూసుకుని, ఒకటికి రెండుసార్లు ఆపి, చెప్పాల్సింది తెలుగులో అనుకుని బడికి పోతాడు. వేలితో తెర అడుగు మూసి విన్నాడు. మాటలు తెలిసినట్టే ఉన్నాయి. కానీ ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ పోయాయి. చెయ్యి తీశాడు. అక్షరాలు చూస్తూ మిగతాది చూశాడు. కాఫీ చల్లారిపోయింది.

దాని గురించి ఇంకాసేపు కూర్చుని ఉంటే ఆలోచన ఎక్కడికో పోయేది. బస్సుకు టైమైందని లేచాడు.

*

శుక్రవారం ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూము గడప దగ్గర షాహిదా వాళ్లమ్మ నూర్జాన్ నిలబడి ఉంది. వెనక షాహిదా. నూర్జాన్ రాయదుర్గం నుంచి వచ్చే జీన్సు ప్యాంట్లకు ఇంట్లో కూర్చుని దారాలు కత్తిరిస్తుంది. ఆమె చీర కుచ్చిళ్లకు నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"సార్, మీకు దండం పెట్టల్ల" అంది నూర్జాన్. "మీరు కనిపెట్టకపోయింటే మాకు తెలిసేదే కాదు."

దివాకర్‌కు అర్థం కాలేదు. "ఏంది కనిపెట్టింది?"

"అదే సార్, పాపకు చెవుడేమో అని మీరు క్లాసులో అడిగినారంట గదా. దీని నోట్లో నుంచి ఒక మాట రాదు. ఆసియా చెప్పింది, మా మరిది కూతురు, దీని క్లాసే. నాకు చేతులు ఆడలేదు సార్. మా పిల్లను మేమే చూసుకోలేదే, సారు చూసినాడే అని. నిన్న పొద్దున్నే ఫస్టు బస్సుకు అనంతపురం పెద్దాసుపత్రికి పిల్చుకోని పోయినాం. వాళ్ల నాయన అంగడి మూసుకోని వచ్చినాడు."

స్టాఫ్ రూములో ఇంగ్లీషు టీచరు చెక్కలు నమలడం ఆపింది.

"ఒక గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏందో తగిలిచ్చినారు" అని నూర్జాన్ రెండు చేతులూ తన చెవులకు డిప్పల్లా అదుముకుని చూపించింది. "శబ్దం వస్తే చెయ్యెత్తమన్నారు. ఇది ప్రతిసారీ ఎత్తింది సార్. నేను అద్దంలోంచి చూస్తానే ఉండా. చెవులు సుబ్బరంగా ఉండాయంట. ఏం తక్కువ లేదంట. అల్లా దయ."

దివాకర్ షాహిదా వైపు చూశాడు. ఆ పిల్ల తలుపు చెక్కకు వేలాడుతున్న తాళం చెవిని చూస్తోంది.

"మంచిదమ్మా" అన్నాడు.

"మంచిదే సార్. కానీ వాళ్ల నాయన ఇంకో మాట అంటాండాడు." నూర్జాన్ గొంతు తగ్గించింది. "చెవులు బాగలేకుంటే మిషను పెట్టిస్తాం, చదువుకుంటాది. చెవులు బాగుండి కూడా సారు చెప్పేది తలకెక్కలేదంటే ఇంగ తప్పు యాడుండాది, బుర్రలోనే గదా అంటాండాడు. సారు ఊరికే అడుగుతారా అంటాండాడు. రాయదుర్గంలో కుట్టు మిషన్ల కాడ మాట్లాడినాడు. సోమవారం నుంచి రమ్మన్నారంట. మీరొక మాట చెప్పండి సార్. దీనికి చదువు వస్తాదా రాదా? మీరేం చెప్తే అదే."

ఇక్కడ చెప్పాల్సిన వాక్యం చిన్నదే. ఎగతాళికి అన్నానమ్మా, అంతే. దివాకర్ నోరు తెరిచాడు. ఇంగ్లీషు టీచరు చూస్తోంది. నూర్జాన్ చేతులు ఇంకా దండం పెట్టినట్టే ఉన్నాయి.

"వస్తాదమ్మా. ఎందుకు రాదు? నేను చూసుకుంటాలే. పిల్లను పంపించండి."

"ఆయనతో ఏం చెప్పల్ల సార్?"

"నేను మాట్లాడతాలే."

నూర్జాన్ ఇంకోసారి దండం పెట్టి పోయింది. షాహిదా క్లాసుకు పోబోతుంటే దివాకర్ ఆపాడు. ఏదో అడగాలి కాబట్టి అడిగాడు. "అక్షరాలు లేకపోతే నీకు అంత కష్టమా పాపా?"

ఆ పిల్ల ఆలోచించుకుని చెప్పింది. "మాట చెవిలో పడతాది సార్. కానీ పుస్తకంలో యాడుండాదో తెలీదు."

"అంటే?"

షాహిదా సంచీలోంచి పుస్తకం తీసింది. ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు. ఎడమ పేజీలో ఒక మాట మీద వేలు పెట్టింది. "కింద అక్షరాలు వస్తే ఈ మాట ఇట్లుంటాదని తెలుస్తాది సార్. అదే మాట ఈ పక్క ఎతుకుతా. దొరికితే ఆ పక్కకి పోతా." వేలు మడత దాటి కుడి పేజీకి పోయింది. 'స్థానభ్రంశం' దగ్గర ఆగింది. "తర్వాత ఆమె ఆ మాట మళ్లీ అన్నప్పుడు చూడకున్నా తెలుస్తాది. ఫస్టు ఒకసారి కనపడల్ల. మేమందరం అట్లే చేస్తాం సార్."

పుస్తకం మూసి సంచీలో పెట్టుకుని పోయింది. క్లాసు గుమ్మం దగ్గర ఎవరో "ఓ చెవిటీ, వచ్చినావా" అనడం దివాకర్‌కు వినిపించింది.

*

షాహిదా వాళ్ల నాయన ఖాసిం సాబ్ అంగడి కళ్యాణదుర్గం రోడ్డు మీద ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుడతాడు. ఆ ఏడు భూమిలో నీళ్లు ఇంకా కిందికి పోయాయి. అంగడి ముందర మోటార్లు వరసగా పడి ఉన్నాయి. సాయంత్రం దివాకర్ పోయేసరికి ఖాసిం సాబ్ గోనెపట్టా మీద కూర్చుని, కాళ్ల మధ్య మోటారు చట్రం పెట్టుకుని, తీగను గాట్లలోంచి దూర్చి లాగుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. కళ్లతోనే స్టూలు చూపించాడు.

స్టూలు పక్కన బల్ల మీద లింగన్న అనే రైతు కూర్చుని ఉన్నాడు. "లెక్కలో ఉన్నప్పుడు ఆయప్ప నమాజులో ఉన్నట్టే సార్. పలకడు" అన్నాడు లింగన్న. "నా చెనిక్కాయ పైరుకు ఊడలు దిగే టైము, తడి కావల్ల. మోటరు కాలిపోయి వారమాయ. నేను గూడా నోరు మూసుకోని కూర్చోలేదా?"

దివాకర్ కూర్చున్నాడు. తీగ ఒక వైపు నుంచి పోయి ఇంకో వైపు నుంచి వస్తోంది. ఖాసిం సాబ్ వెదురు పుల్లతో దాన్ని గాడిలోకి అదుముతున్నాడు. చుట్టు తర్వాత చుట్టు. ఎంతసేపు చూస్తే అంత, దివాకర్ దారిలో కూడబెట్టుకొచ్చిన మాటలు జారిపోతున్నాయి. ఇంకాసేపు కూర్చుంటే, పాప బాగా చదువుతుంది, పంపించండి అని చెప్పి టీ తాగి లేచిపోతాడని తనకే తెలిసింది.

"అది నేను ఎగతాళికి అన్నమాట" అన్నాడు.

ఖాసిం సాబ్ పెదాలు ఆగిపోయాయి.

"పాపకు చెవుడని నేననుకోలేదు. ఎగతాళికి అన్నా. అందరూ నవ్వినారు."

ఖాసిం సాబ్ చేతిలోని తీగ వైపు చూశాడు. లెక్క పోయింది. ఒక్కొక్క చుట్టే వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. లింగన్న, "అయ్యో, నా మోటరూ" అని అంతలోనే నోరు మూసుకున్నాడు. గాడి మొత్తం ఖాళీ అయ్యాకే ఖాసిం సాబ్ అడిగాడు.

"ఏం తప్పు చేసింది సార్ పాప?"

"వీడియో కింద అక్షరాలు పెట్టమని అడిగింది."

"పెడితే ఏం పోతాది?"

"ఏం పోదు."

"మరి పెట్టల్సింది."

లింగన్న రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను నాల్గో తరగతి సార్" అన్నాడు ఖాసిం సాబ్. "సారు నోట్లోంచి వచ్చింది నిజమనుకునే మనిషిని. మీరు చెవుడంటే ఆసుపత్రికి పోయినా. ఆసుపత్రిలో కాదంటే బుర్ర లేదనుకున్నా. నిన్న బస్సులో దాని పక్కనే కూర్చోని దాంతో అదే అన్నా. 'నీకు బుర్ర లేదంట పాపా, ఏం చేస్తాం' అని. నవ్వతా అన్నా, బాధపడకుండా. అది కిటికీ పక్క తిరుక్కునింది." తీగ కొసను వేలికి చుట్టుకుని విప్పాడు. "ఆ మాట నా నోట్లో పెట్టింది మీరు."

"తప్పే. అది చెప్పేదానికే వచ్చినా."

"నాకు చెప్తే ఏం వచ్చె? మీరన్నది యాడ? క్లాసులో గదా. అందరూ నవ్వింది ఆడ. ఆడ చెప్పండి. ఇది అంగడి."

"చెప్తా. పాపను మిషను కాడికి మాత్రం—"

"మీరు ఆడ చెప్పినారని ఆసియా వచ్చి నాతో చెప్తే, సోమవారం పాప బడికొస్తాది." ఖాసిం సాబ్ తీగ కొసను మళ్లీ మొదటి గాడిలో పెట్టాడు. "ఒకటి" అన్నాడు, ఈసారి బయటికి వినిపించేటట్టు.

*

శనివారం తొమ్మిదో తరగతి గది వెనక రెండు వరసలు టీచర్లు కూర్చున్నారు. గోడ పక్కన కుర్చీలో విష్ణువర్ధన్. మధ్యాహ్న భోజనం వండే ఆంజినమ్మ బక్కెట్ నీళ్లు తెచ్చి బల్ల మీద పెడుతూ, "గుడ్డు తేలేదానికి మాకు పప్పుకు పెట్టుకున్న నీళ్లే కావల్సొచ్చెనా సార్? అయిపోతానే నాకిచ్చేయండి, పారబోసేరు" అంది. టీచర్లు నవ్వారు. షాహిదా మూడో బెంచీ కొసన కూర్చుని ఉంది. పక్కన ఆసియా.

దివాకర్ వీడియో పెట్టాడు. తెర అడుగున అక్షరాలు వచ్చాయి. ఉదయం ఎవరూ రాకముందే వచ్చి తనే పెట్టుకున్నాడు.

విష్ణువర్ధన్ కుర్చీ జరిపిన చప్పుడైంది. "దివాకర్ గారూ. అవి తీసేయమన్నాను కదా?"

దివాకర్ వీడియో ఆపాడు. పిల్లలవైపు, పిల్లల తలల మీదుగా టీచర్లవైపు చూశాడు.

"ఒక మాట చెప్పల్ల సార్. మంగళవారం ఇదే క్లాసులో షాహిదా ఈ అక్షరాలు ఎందుకు తీసినారని అడిగింది. నేను ఆ పాపను నీకు చెవుడా అని అడిగినా. ఎగతాళికి. ఇంట్లోవాళ్లు నిజమనుకుని అనంతపురం పిల్చుకపోయి చెవుల పరీక్ష చేయించినారు. ఆ పాప చెవులు బాగున్నాయి. బుర్రా బాగుంది. తప్పు నాది."

వెనక వరసలో ఒకాయన మెడ చాచి, "ఏ పాపప్పా?" అని పక్కాయన్ని అడిగాడు. ఓబిలేష్ వేలు పెట్టి చూపించాడు. అన్ని తలలూ మూడో బెంచీ కొస వైపు తిరిగాయి. షాహిదా తల వంచుకుంది.

"నాక్కూడా అక్షరాలు లేకుంటే ఈ వీడియో సగం అర్థం కాదు" అన్నాడు దివాకర్. ఆ మాట ఇంత సులువుగా వస్తుందని అతననుకోలేదు.

"ఇవన్నీ ఇప్పుడు ఎందుకండీ" అన్నాడు విష్ణువర్ధన్. "కానివ్వండి, పాఠం కానివ్వండి."

పాఠం అయింది. వీడియో ఆగినచోటల్లా పిల్లలు పేజీలు తిప్పిన చప్పుడు వచ్చింది. గుడ్డు ఉప్పునీళ్లలో తేలింది. ప్రశ్నలకు చేతులు లేచాయి. ఓబిలేష్ కూడా సరైన జవాబే చెప్పి, చెప్పాక తనే ఆశ్చర్యపోయి కూర్చున్నాడు. విష్ణువర్ధన్ చివరిదాకా ఉండలేదు. ఫోను వచ్చిందని లేచిపోయాడు. టీచర్లు పోతూ పోతూ ఉండగా పక్క ఊరి ఇంద్రాణి మేడం వెనకబడి, "అవి యాడ నొక్కితే వస్తాయి సార్?" అని అడిగింది. "మా పిల్లోళ్లకు తర్వాత, ముందు నాకు కావల్ల." దివాకర్ చూపించాడు. చూపిస్తూ నవ్వాడు. ఒళ్లు తేలికైనట్టుంది. ఆసియా ఇంటికి పోయి చెప్తుంది. ఖాసిం సాబ్ వింటాడు. పని అయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షాహిదా కుళాయి దిమ్మె దగ్గర పళ్లెం కడుగుతోంది. కుళాయి రావడం లేదు. చెంబులో నీళ్లు తెచ్చుకుని కొంచెం కొంచెం ఒంపుకుంటోంది. దివాకర్ పోయి పక్కన నిలబడ్డాడు. ఆ పిల్ల ఏదైనా అంటుందని, కనీసం ఒకసారి తలెత్తి చూస్తుందని అనుకున్నాడు.

"సోమవారం వస్తావు గదా పాపా?"

"వస్తా సార్. ఆసియా చెప్తే పంపిస్తానని నాయన చెప్పినాడు."

"ఆ రోజు అది ఎగతాళని నీకు తెలుసు గదా. ఇంట్లో ఎందుకు చెప్పలేదు? ఆసుపత్రిదాకా పోయేపనే లేదు."

షాహిదా పళ్లెం తిరగేసింది. "చెప్తే నాయన ఈడికొచ్చి గలాట చేస్తాడు సార్. అప్పుడు అందరికీ తెలుస్తాది. ఆసుపత్రికి పోతే డాక్టరుకొక్కనికే గదా తెలిసేది."

షాహిదా పళ్లెం మీద ఇంకొంచెం నీళ్లు ఒంపుకుంది.

"ఇప్పుడు ఆ సార్లందరికీ తెలిసిపాయ" అంది. గొంతులో కోపం లేదు. "పోయేటప్పుడు ఒక మేడం నా గడ్డం పట్టుకోని, 'నువ్వేనా ఆ పాప' అనింది. అన్ని ఊర్లలో చెప్తారు. మంగళవారం మా క్లాసోళ్లు మాత్రమే సార్ ఉండింది."

"తప్పు ఒప్పుకోవల్ల గదా అని..."

"నన్ను అడిగింటే వద్దని చెప్పేదాన్ని సార్."

అడగలేదు. మంగళవారం అడగలేదు. ఆసుపత్రికి పోయేటప్పుడు ఎవరూ అడగలేదు. మిషను మాట్లాడేటప్పుడు వాళ్ల నాయన అడగలేదు. నిన్న అంగడిలో తామిద్దరూ ఈ పిల్ల సంగతి తేల్చుకున్నప్పుడు కూడా, ఇద్దరిలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. ఉదయంనుంచి తేలికగా ఉన్న ఒళ్లు దివాకర్‌కు మళ్లీ బరువెక్కింది. ఈసారి పోయి చెప్పుకోవడానికి ఏ అంగడీ లేదు.

"ఇప్పుడేం చేయమంటావు?" అని అడిగాడు.

షాహిదా చెంబులో మిగిలిన నీళ్లు పళ్లెం మీద పోసి, తుడుచుకుని, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"సోమవారం ఆ వీడియో మళ్లీ వేయండి సార్. ఈరోజు నేను తల ఎత్తలేదు. ఏం చూడలేదు."

అంతలో రెండో గంట కొట్టారు. పళ్లెం చంకలో పెట్టుకుని క్లాసుకు పోయింది.